మార్పిడిలో ఇచ్చేసిన రైఫిల్‌ను తిరిగి అడగవచ్చునా?

ప్రశ్న: నా వయసు యాభై ఆరేళ్ళు. మా పెదనాన్నగారు వాడి, చివరి రోజుల్లో నా చేతికిచ్చిన వించెస్టర్ మోడల్ 70 రైఫిల్ ఇరవై ఏళ్ళకు పైగా నా దగ్గర ఉండేది. అది 1950ల నాటిది, .270 క్యాలిబర్ (తూటా కొలత). నిరుడు మా షూటింగ్ క్లబ్బులోని ఒక సభ్యుడికి దానిని ఇచ్చి, బదులుగా అదే క్యాలిబర్‌లో సింథటిక్ స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే భాగం) ఉన్న కొత్త రైఫిల్, మంచి స్కోపు, పైన కొంత డబ్బు తీసుకున్నాను. లైసెన్సుల మార్పు అంతా చట్టప్రకారమే జరిగింది. కొత్త రైఫిల్ గురి పాతదానికన్నా మెరుగ్గా ఉన్న మాట నిజం. అయినా నెల తిరగకముందే మనసు పీకడం మొదలైంది. ఆ రకానికి మంచి గిరాకీ ఉందని, నేను తక్కువకే ఇచ్చేశానని తరువాత ఎవరో చెప్పారు. స్టాక్ మెడ దగ్గర పెదనాన్నగారి బొటనవేలు ఒరిసి నున్నబడిన చోటు ఒకటి ఉండేది. అదే నాకు కళ్ళ ముందు కదులుతోంది. తీసుకున్నతను నాకన్నా చిన్నవాడు, నన్ను ‘అన్నగారూ’ అని పిలుస్తాడు, ఆ రైఫిల్‌తోనే రేంజికి వస్తాడు. తిరిగి అడగవచ్చునా? అడిగితే మర్యాదగా ఉంటుందా? ‘ఒక ఇనుప వస్తువు కోసం ఇంత బాధేమిటి’ అని నా భార్య అంటోంది. నేను అతిగా ఆలోచిస్తున్నానా?

సమాధానం: నమస్కారం. మీరు అడగవచ్చు. అయితే ఎలా అడగాలి, ఏమి ఆశించి అడగాలి, కాదంటే ఏం చేయాలి అన్నవి తేల్చుకున్న తరువాతే అడగాలి. ఆ మూడూ తేలాలంటే, ఇంత బాధపెడుతున్నది నిజంగా దేని లోటు అన్నది ముందు మీకు స్పష్టం కావాలి. మీ ఉత్తరంలో రైఫిల్, డబ్బు, పెదనాన్నగారు ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయి ఉన్నారు. మూడింటినీ విడదీసి చూస్తేనే దారి కనిపిస్తుంది.

ముందుగా రైఫిల్ సంగతి. మీరు ఇచ్చేసినది మామూలు వస్తువు కాదు. ఆ విషయంలో మీ మనసు మిమ్మల్ని మోసం చేయడం లేదు. వించెస్టర్ కంపెనీ మోడల్ 70ని 1936లో మార్కెట్లోకి తెచ్చింది. 1898 నాటి మౌజర్ రైఫిల్ నుంచి తీసుకున్న పొడవాటి పంజా దాని బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) పక్కన ఉంటుంది. తూటా మ్యాగజైన్ నుంచి పైకి రాగానే దాని అంచు ఆ పంజా కిందికి జారుతుంది, అక్కడి నుంచి ఖాళీ తొడుగు బయటపడేదాకా దాన్ని ఆ పంజా వదలదు. ఉక్కు దిమ్మెను సాగగొట్టి, చెక్కి తయారుచేసిన రిసీవర్ (బోల్ట్ కదిలే లోహపు గూడు), బోల్ట్ వెనుక మూడు స్థానాల్లో కదిలే, అనుకోకుండా పేలకుండా ఆపే సేఫ్టీ, సులువుగా సరిచేసుకోగలిగిన ట్రిగ్గర్, పట్టు జారకుండా స్టాక్ మీద చేతితో కోసిన గళ్ళు, ఇవన్నీ ఆ రైఫిల్‌కు పేరు తెచ్చాయి. తయారీ ఖర్చు పెరిగిపోవడంతో కంపెనీ 1964లో దాని రూపకల్పనను మార్చింది. పంజా పోయి, తూటాను ముందుకు నెట్టి బోల్ట్ మూసినప్పుడు మాత్రమే పట్టుకునే పద్ధతి వచ్చింది. కోసిన గళ్ళకు బదులు అచ్చుతో నొక్కిన గళ్ళు వచ్చాయి. ఆ మార్పును చాలామంది గురికాళ్ళు, వేటగాళ్ళు జీర్ణించుకోలేకపోయారు. 1964కు ముందరి మోడల్ 70 అంటూ ప్రత్యేకంగా చెప్పుకోవడం అప్పటి నుంచే మొదలైంది. చివరికి 1990లలో కంపెనీయే ఆ పంజాను తిరిగి తీసుకురావలసి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ పాత రైఫిళ్ళు తయారవుతున్న రోజుల్లో జనం వాటిని మంచి రైఫిళ్ళుగా చూశారు గాని, అపురూపమైనవిగా దాచుకోలేదు. అవి రావడం ఆగిన తరువాతే వాటి విలువ అందరికీ కొట్టొచ్చినట్టు కనిపించింది. సావేజ్ మోడల్ 99, మాన్లికర్–షోనాయర్ వంటి పాత రైఫిళ్ళ విషయంలోనూ జరిగింది ఇదే. మ్యాగజైన్‌లో ఎన్ని తూటాలు మిగిలాయో పక్కనున్న చిన్న కిటికీలోంచి చూపించే సావేజ్‌ను గాని, బ్యారెల్ చివరిదాకా చెక్క తొడిగి, వెన్న రాసినట్టు కదిలే బోల్ట్‌తో వచ్చిన మాన్లికర్‌ను గాని అమ్ముకున్నవారు ఏళ్ళ తరబడి వాటిని తలుచుకుంటూనే ఉంటారు, ఎందుకంటే దుకాణానికి వెళ్ళి అలాంటిదే కొత్తది తెచ్చుకునే వీలు లేదు. కాబట్టి మీకు కలిగిన బాధ మీ ఒక్కరి బలహీనత అనుకోకండి.

అయితే నిజాయితీగా చెప్పుకోవలసిన ఇంకో మాట ఉంది. 1964 తరువాతి మోడల్ 70లు గురిలో ముందరివాటికి తీసిపోలేదు. మీ కొత్త రైఫిల్ మెరుగ్గా కొడుతోందని మీరే రాశారు. ఆ మాటను మీరు నమ్మండి. ఈనాటి యంత్రాలతో చేసిన బ్యారెళ్ళు, వేడికీ తేమకూ ఉబ్బని సింథటిక్ స్టాకులు చాలా సందర్భాల్లో డెబ్బై ఏళ్ళ నాటి వాల్‌నట్ చెక్క రైఫిల్‌కన్నా స్థిరంగా ఉంటాయి. కాబట్టి మీరు పోగొట్టుకున్నది గురి కాదు. బోల్ట్ వెనక్కి లాగినప్పుడు చేతికి తెలిసే ఆ నునుపు, భుజానికి ఎత్తగానే కన్ను దానంతటదే నిలవవలసిన చోట నిలవడం, ఇరవై ఏళ్ళు మీ శరీరం నేర్చుకున్న ఆ అలవాటు, ఇవి పోయాయి. ఇవి కొలతకు అందవు, అందుకే మార్పిడి నాడు వీటిని ఎవరూ లెక్కలో వేయలేదు.

మార్పిడిలో ఉన్న అసలు చిక్కు నా ఉద్దేశంలో ఇదే. డబ్బుకు అమ్మేటప్పుడు, చేతిలోకి వచ్చేది నోట్లు, పోయేది ప్రియమైన వస్తువు అన్న తేడా కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది, అందువల్ల మనిషి ఒక్క క్షణమైనా ఆగుతాడు. రైఫిల్‌కు రైఫిల్ ఇచ్చి పుచ్చుకునేటప్పుడు పోతున్నదేమీ లేదనే అనిపిస్తుంది. పక్కపక్కన రెండింటినీ పెట్టి బరువెంత, వరుసగా పేల్చిన తూటాల గ్రూపు ఎంత దగ్గరగా పడుతోంది, స్కోపు ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుంది అని పోల్చి చూస్తాం. అంకెలున్న గుణాలన్నీ కొత్తదాని పక్షాన నిలుస్తాయి. పెదనాన్నగారి బొటనవేలి ఒరిపిడికి అంకె లేదు కనుక దాని విలువ ఆ రోజు సున్నా అయింది. కొత్తదాని మెరుపు రెండు మూడు వారాల్లో తగ్గిపోయి, లెక్కలోకి రానిది ఒక్కటే మనసులో మిగిలింది. ఇది మీ తెలివితక్కువతనం వల్ల జరగలేదు. పోల్చడానికి వీలున్న వాటినే పోల్చడం మనిషి మనసుకు సహజం.

మనస్తత్వ, ఆర్థిక శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని పరిశీలించారు. రిచర్డ్ థేలర్ 1980లో, మన సొంతమైన వస్తువుకు మనం కట్టే విలువ, అదే వస్తువు మనది కానప్పుడు కట్టే విలువకన్నా ఎక్కువగా ఉంటుందని రాశారు. ఆయన, డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్ కలిసి 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో, మామూలు కాఫీ కప్పును చేతికి అందుకున్నవారు దాన్ని వదులుకోవడానికి అడిగిన వెల, అందుకోనివారు దానికి ఇవ్వజూపిన వెలకు రెండింతలకు పైగా ఉంది. కొద్ది నిమిషాల కిందట చేతికొచ్చిన కప్పుతోనే ఇలా ఉంటే, ఇరవై ఏళ్ళు తుడిచి, నూనె రాసి, భుజాన మోసిన రైఫిల్ సంగతి చెప్పనక్కరలేదు. 1990లలోనే థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ పశ్చాత్తాపం గురించి పరిశోధించి, చేసిన పని తాలూకు బాధ తొలినాళ్ళలో తీవ్రంగా ఉండి కాలంతోపాటు తగ్గుతుందనీ, చేయకుండా వదిలేసిన పని తాలూకు బాధ ఏళ్ళ తరువాత పైకి వస్తుందనీ చూపించారు. మీరు ఇచ్చేయడం చేసిన పని; అది మెల్లగా తగ్గే అవకాశమే ఎక్కువ. అయితే అడిగి చూడకుండా వదిలేయడం చేయని పని అవుతుంది. పదేళ్ళ తరువాత మిమ్మల్ని బాధించేది ‘ఒక్కసారి అడిగి ఉంటే’ అన్న ఆలోచన అయ్యే అవకాశం ఉంది. ఒకసారి, సరైన పద్ధతిలో అడిగి చూడమని నేను చెప్పడానికి ఇది ప్రధాన కారణం.

అడగడానికి ముందు ఒక పరీక్ష చేసుకోండి. అదే ఏడాదిలో తయారై, అదే క్యాలిబర్‌లో, ఇంతకన్నా మంచి స్థితిలో ఉన్న మోడల్ 70 రేపు మీ చేతికి వస్తే మీ లోటు తీరుతుందా? తీరుతుందనిపిస్తే మీకు కావలసింది ఆ రకం రైఫిల్. ఓపికగా వెతికితే అది దొరుకుతుంది, క్లబ్బు మిత్రుణ్ణి ఇబ్బంది పెట్టవలసిన పనే లేదు. తీరదనిపిస్తే మరొక ప్రశ్న వేసుకోండి. పెదనాన్నగారి రైఫిల్ తిరిగి వచ్చి, మీరు మాత్రం కొత్తదానితోనే గురిచూస్తూ, దాన్ని తాళం వేసిన అల్మారాలో ఉంచుకోవడంతోనే తృప్తి కలుగుతుందా? మీ ఉత్తరం చదివిన నాకు రెండవదానికే అవుననిపిస్తుంది. గురి గురించి, ధర గురించి మీరు ఒక్కొక్క వాక్యమే రాశారు. ఆ నున్నబడిన చోటు దగ్గరే మీ కలం ఆగింది. ఆయన నమ్మి అప్పగించినదాన్ని నిలబెట్టలేకపోయానన్న భావమే మిమ్మల్ని తొలుస్తోందని నా నమ్మకం. అలాంటప్పుడు మరో రైఫిల్ ఎంత మంచిదైనా ఈ బాధకు మందు కాదు, దాని మీద డబ్బు పెట్టకండి.

డబ్బు విషయం వేరు. తక్కువకు ఇచ్చేశానన్న బాధను దీనికి కలపకండి. మార్పిడి నాడు ఆ రైఫిల్ ధర తెలుసుకునే అవకాశం మీకూ ఉంది, అతనికీ ఉంది. మీరిద్దరూ అంగీకరించే చేశారు. అతను తెలిసి మిమ్మల్ని మోసం చేశాడని అనుకోవడానికి మీరు రాసినదాంట్లో ఒక్క ఆధారం కూడా లేదు. తరువాత ఎవరో చెప్పిన ధర విని మనసులో లెక్క కట్టుకోవడం మొదలుపెడితే, అడిగేటప్పుడు మీ గొంతులో నిష్ఠూరం దానంతటదే ధ్వనిస్తుంది. ఆ నిష్ఠూరం విన్న మరుక్షణం ఎంత మంచి మనిషైనా తనను తాను కాపాడుకునే ప్రయత్నంలో పడతాడు. డబ్బు లోటు నిజంగానే బాధిస్తుంటే దాన్ని నష్టంగా రాసుకుని అక్కడితో వదిలేయండి.

ఇక అడిగే పద్ధతి. అతను మిమ్మల్ని అన్నగారూ అని పిలుస్తున్నాడు. ఇదే మీకు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన చోటు. వయసులో చిన్నవాడు, గౌరవం ఇచ్చేవాడు, నలుగురిలో మీ మాట కాదనలేడు. మీరు కోరికగా అన్నది అతనికి ఆజ్ఞగా వినిపిస్తుంది. మొహమాటానికి ఇచ్చేసి ఇంటికి వెళ్ళి బాధపడితే, ఈ రోజు మీరు పడుతున్న బాధ అతనికి బదిలీ అయినట్టే, పైగా ఆ రైఫిల్ మీ దగ్గర మళ్ళీ నిశ్చింతగా ఉండదు. కనుక రేంజిలో, నలుగురి ముందు, రైఫిల్ అతని చేతిలో ఉన్నప్పుడు అడగకండి. ఫోనులో మెసేజీ పెట్టి జవాబు కోసం ఎదురుచూడకండి. అతను తీరికగా ఉన్నప్పుడు విడిగా కూర్చుని, కాదనే స్వేచ్ఛ అతనికుందని మొదటి వాక్యంలోనే చెప్పండి. ‘ఇది అడగడం నాకు కొంచెం కష్టంగా ఉంది. నువ్వు కాదన్నా మన మధ్య ఏమీ మారదు, ఇప్పుడే చెప్పనక్కరలేదు కూడా. ఆ రైఫిల్ మా పెదనాన్నగారిది. ఇచ్చేటప్పుడు నాకు తెలియలేదు గాని, ఇచ్చాక తెలిసింది. నీకు ఎప్పుడైనా ఇవ్వాలనిపిస్తే న్యాయమైన ధరకు నేను తీసుకుంటాను’ అంటే చాలు. పెదనాన్నగారి పేరు ఒక్కసారే చెప్పండి. ఆయన చివరి రోజులు, మీ నిద్రలేని రాత్రులు, మీ భార్య మాటలు, ఇవన్నీ ఏకరువు పెడితే అది అడగడం కాదు, ఒత్తిడి చేయడం అవుతుంది.

న్యాయమైన ధర అన్నాను కదా, అదేమిటో ముందే ఆలోచించుకోండి. ‘నీది నీకు ఇచ్చేస్తాను, నాది నాకు ఇచ్చేయి’ అనడం పైకి సమంజసంగా కనిపించినా నిజానికి సమంజసం కాదు. కొత్త రైఫిల్ ఏడాదిగా మీ చేతిలో వాడకంలో ఉంది, దాని విలువ కొంత తగ్గింది. పాతదాని విలువ తగ్గలేదు, బహుశా పెరిగింది కూడా. అతను దానికి స్కోపు, దాన్ని బిగించే మౌంట్లు, పట్టీ కొనిపెట్టి ఉండవచ్చు, అలవాటు పడటానికి ఎన్నో తూటాలు ఖర్చుచేసి ఉండవచ్చు. ఈ రోజు ఆ రకం రైఫిల్ అదే స్థితిలో ఎంతకు అమ్ముడవుతోందో ఆయుధాల లావాదేవీలు తెలిసిన, మీ ఇద్దరితోనూ సంబంధం లేని వ్యక్తిని అడిగి, ఆ ధర ఇవ్వడానికి సిద్ధపడే వెళ్ళండి. మీరు అప్పుడు తీసుకున్నదానికి, ఇప్పుడు ఇవ్వబోయేదానికి ఉన్న తేడాను ఆ రైఫిల్ విలువ తెలుసుకోవడానికి అయిన ఖర్చుగానే భావించండి. అంత ఇవ్వడానికి చేయి ఆడకపోతే, అదీ మీకొక సమాధానమే.

అతను ఒప్పుకుంటే వెంటనే మీ ఇంటికి తెచ్చుకోవడం కుదరదు. ముందు మీ లైసెన్సులో దానికి చోటుందో లేదో చూడండి. ఒకరి పేరు మీద ఎన్ని ఆయుధాలు ఉండవచ్చు, మార్పు ఎవరి సమక్షంలో జరగాలి, ఏ కాగితాలు ఉండాలి అన్నవి దేశాన్ని బట్టి, ఒకే దేశంలో ప్రాంతాన్ని బట్టి కూడా మారతాయి. స్నేహితుల మధ్య జరిగినా సరే, తిరిగి తీసుకోవడమంటే చట్టం దృష్టిలో అది మరొక కొత్త బదిలీ. ‘కొన్నాళ్ళు నా దగ్గర ఉంచుకుని చూస్తాను’ అని కాగితం లేకుండా తెచ్చుకుంటే మీకూ అతనికీ ఇద్దరికీ ప్రమాదం.

చేతికి వచ్చాక, మొదట అది ఖాళీగా ఉందని మీ కళ్ళతో చూసుకుని, ఆ తరువాత తుపాకులు బాగుచేసే నిపుణుడి చేత ఒకసారి పరీక్ష చేయించండి. ఏడాదిలో బోల్ట్ గాని బ్యారెల్ గాని మార్చి ఉంటే, మూసిన బోల్ట్‌కూ ఛాంబర్‌లో తూటా నిలిచే చోటుకూ మధ్య ఉండవలసిన ఖాళీ సరిగ్గా ఉందో లేదో కొలతపెట్టి చూడటం తప్పనిసరి. కొత్త రంధ్రాలు వేసి ఉన్నా, వెనుక రబ్బరు ప్యాడ్ బిగించడానికి స్టాక్ కోసి ఉన్నా సేకరణకర్తల దృష్టిలో దాని వెల తగ్గుతుంది; మీకు కావలసింది అది కాదు కనుక దిగులు పడకండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: సంతోషంలో దాన్ని కొత్తగా చేయించాలని చూడకండి. ఉక్కుకు మళ్ళీ నీలిపూత వేయించి, చెక్కను గరుకు కాగితంతో రుద్ది పాలిష్ పెట్టిస్తే, మీరు ఇంత తపించిన ఆ బొటనవేలి గుర్తు ఒక్క పూటలో మాయమవుతుంది. తుప్పు పట్టకుండా సన్నని నూనెపొర, పొడిగా ఉండే చోటు, ఇంతకు మించి దానికి ఏమీ అవసరం లేదు.

అతను కాదనడానికే ఎక్కువ అవకాశం ఉంది. ఆ రైఫిల్‌ను అతనూ ప్రేమిస్తూ ఉండవచ్చు, మీరు ఇరవై ఏళ్ళలో కనుగొన్న మంచిని అతను ఒక్క ఏడాదిలోనే కనుగొని ఉండవచ్చు. అప్పుడు మీరు అడగవలసింది ఇంకొక్కటే ఉంది: ఎప్పుడైనా వదులుకోవాలనుకుంటే ముందు మీకు చెప్పమనండి. సీరియల్ నంబరు వేసి, ఆ మాటను రెండు కాగితాల మీద రాసుకుని, చెరొకటి లైసెన్సు కాగితాలతోపాటు ఉంచుకోండి. అతని తదనంతరం ఇంట్లోవారికి ఆ కాగితం కనిపించాలి, ఎందుకంటే మంచి రైఫిళ్ళు ఎవరికీ తెలియకుండా చేతులు మారిపోయేది సరిగ్గా అలాంటి సమయంలోనే. ఆ తరువాత మళ్ళీ ఆ ప్రస్తావన తేకండి. ప్రతి వారం రేంజిలో దాన్ని చూసి నిట్టూర్చడం కూడా అడగడమే అవుతుంది.

అతను కాదన్నా మీ చేతిలో ఒక పని మిగిలే ఉంది, దానికి నేను చాలా విలువ ఇస్తాను. చంపావత్‌లో మనుషులను తింటున్న పులిని 1907లో చంపినందుకు ప్రసిద్ధ వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా వచ్చిన .275 రిగ్బీ రైఫిల్ సంగతి చూడండి. ఎవరు, ఎవరికి, ఎందుకు ఇచ్చారో చెప్పే వెండి బిళ్ళ ఒకటి దాని స్టాక్ మీద ఉంది. ఆ రైఫిల్ కార్బెట్ చేతి నుంచి ఇతరుల చేతికి వెళ్ళి, చివరికి దాన్ని తయారుచేసిన రిగ్బీ కంపెనీకే చేరింది. ఇన్ని చేతులు మారినా అది కార్బెట్ రైఫిల్‌గానే నిలిచింది, ఎందుకంటే దాని చరిత్ర దానితోపాటే ప్రయాణించింది. మీ పెదనాన్నగారి రైఫిల్‌కు ఆ అదృష్టం ఇంకా పట్టలేదు. ఆయన దాన్ని ఎప్పుడు సంపాదించారు, ఎక్కడ వాడారు, మీకు ఎలా నేర్పారు, ఆ నున్నబడిన చోటు ఎలా వచ్చింది అన్నవన్నీ ఇప్పుడు మీ తలలో తప్ప మరెక్కడా లేవు. కూర్చుని రాయండి. సీరియల్ నంబరు పైన వేసి, ఆయన ఫోటో ఉంటే దాని నకలు జతచేసి, ఒక ప్రతి ఆ మిత్రుడికి ఇవ్వండి, రైఫిల్ ఎక్కడికి పోతే ఇదీ అక్కడికే పోవాలని చెప్పండి. ఆయన అప్పగించినదాన్ని నిలబెట్టలేదన్న భావానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా సూటియైన జవాబు లేదు. రైఫిల్ తిరిగి వచ్చినా సరే, ఈ పని చేయండి.

రాసేటప్పుడు మీ పాత నోటుపుస్తకాలు బయటికి వస్తాయి, అందుకే ఒక హెచ్చరిక. ఆ రైఫిల్ కోసం మీరు స్వయంగా నింపుకున్న తూటాలు మిగిలి ఉంటే, కొత్తదీ .270యే కదా అని అందులో వాడకండి. ఒక ఛాంబర్‌లో పేలి ఆ కొలతకు సాగిన ఇత్తడి తొడుగు, మెడ మాత్రమే బిగించి నింపినదైతే, మరో ఛాంబర్‌లో సరిగా కూర్చోకపోవచ్చు. పాత రైఫిల్‌లో క్షేమంగా పేలిన తుపాకీ మందు మోతాదు కొత్తదాంట్లో అధిక పీడనం కలిగించవచ్చు. కొత్తదానికి తక్కువ మోతాదు నుంచి మొదలుపెట్టి మళ్ళీ మొదటి నుంచీ లెక్క కట్టుకోవలసిందే. ఆ పాత మోతాదుల లెక్కల నకలును మిత్రుడికి ఇవ్వండి, అవి ఆ రైఫిల్ స్వభావాన్ని చెబుతాయి, కానీ అతనూ వాటిని తనంతట తాను జాగ్రత్తగా సరిచూసుకోవాలి.

ఇదే ప్రశ్న మనసులో ఉండి ఈ సమాధానం చదువుతున్న వేరే పాఠకుల కోసం ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారని, లేదా మీకో ఇంట్లో మరొకరికో మనసు బాగాలేని రోజుల్లో తుపాకీ దగ్గర ఉండటం మంచిది కాదని తలచి అమ్మేసినవారు ఉంటారు. వారి బాధ కూడా నిజమైనదే, కానీ వారి నిర్ణయం సరైనది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిన ఘడియలో చేతికి ఆయుధం అందకపోవడం మనుషులను కాపాడుతుంది. ఏ కారణంతో అమ్మారో ఆ కారణం పూర్తిగా తీరిందని ఇంట్లోవారు, వైద్యులు కూడా ఒప్పుకునేదాకా తిరిగి కొనే ఆలోచన పెట్టుకోకండి.

మీ భార్యగారి మాట సంగతి. ఆమె అన్నదాంట్లో తప్పు పట్టకండి. మార్పిడి చేసి వచ్చిన రోజున మీరే సంతోషంగా కొత్త రైఫిల్‌ను చూపించి ఉంటారు. ఆ మీరే ఇప్పుడు పాతదాని కోసం నిద్ర మానుకుంటుంటే ఆమెకు అర్థం కాకపోవడం సహజం. ఇనుము గురించి వివరించకుండా పెదనాన్నగారి గురించి చెప్పండి. ఆమెకు ఆయన తెలిసి ఉంటే, రాస్తున్న ఆ కాగితాల్లో ఆమెకు గుర్తున్నవి కూడా చేరుతాయి. ధర ఎక్కువ పెట్టి తిరిగి తీసుకోవలసి వస్తే అది ఇంటి డబ్బే కనుక, మిత్రుణ్ణి అడగడానికి ముందే ఆమెతో ఆ అంకె చెప్పి మాట్లాడండి.

కొత్త రైఫిల్‌ను మాత్రం ఈ బాధలో అమ్మేయకండి. దాని తప్పేమీ లేదు, బాగా కొడుతోంది కూడా. తిరిగి తీసుకోవడానికి డబ్బు కావాలనో, చూస్తే బాధ కలుగుతోందనో ఇప్పుడు తొందరపడి వదిలించుకుంటే, నష్టానికి అమ్మి రెండో పశ్చాత్తాపాన్ని తెచ్చుకుంటారు. మిత్రుడి జవాబు వచ్చేదాకా ఆగండి, అది ఏదైనా సరే ఆ తరువాత మరి కొన్ని నెలలు కొనడాలు, అమ్మడాలు, మార్పిడులు ఏవీ పెట్టుకోకండి. అతను ఒకవేళ కాదని చెప్పినా, రేంజిలో తన సమక్షంలో, అక్కడి నియమాలు అనుమతిస్తే, ఒకసారి దానితో గురిచూడనివ్వమని అడగడంలో తప్పులేదు. అన్నగారూ అని పిలిచే మనిషి ఆ మాత్రానికి సంతోషంగానే ఒప్పుకుంటాడని నా నమ్మకం.